ఐడిల్‌లోనే 68 డిగ్రీలు, ఫ్యాన్ ఆగట్లేదు (ఉబుంటు 24.04, ఇంటెల్ + ఎన్విడియా)

#1 బెజవాడ_బాష్

ల్యాప్‌టాప్ ఐ5-11400హెచ్, ఆర్‌టీఎక్స్ 3050, 16 జీబీ ర్యామ్, 48 వాట్-అవర్ల బ్యాటరీ. ఉబుంటు 24.04, గ్నోమ్, వేల్యాండ్. బ్రౌజర్ కూడా తెరవకుండా వట్టి డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడే సెన్సర్స్ కమాండ్ చూపిస్తున్నది ఇది:

ప్యాకేజ్ ఐడీ 0: +68.0 (హై = +100.0, క్రిట్ = +100.0)
కోర్ 0: +66.0
ఏసీపీఐటీజెడ్: +27.8
ఎన్‌వీఎంఈ కాంపోజిట్: +51.9

గది 36 డిగ్రీలు, ఏసీ లేదు. బ్యాటరీ రెండున్నర గంటలే వస్తోంది. మొదట కరెంటు పొదుపు చేసే టీఎల్‌పీ టూల్ వేశాను, అది చాల్లేదని అలాంటిదే ఆటో-సీపీయూఫ్రీక్ కూడా వేశాను. రెండిటితోనూ తేడా లేదు. సీపీయూకీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ మార్పించమంటారా?

#2 ఓరుగల్లు_రూట్

దుమ్ము పట్టి ఉంటది అన్నా. విప్పి బ్లోయర్ కొట్టించు, పేస్ట్ వేయించు, అయిపోతది.

#3 టెర్మినల్_తాత

ఆగండి. స్క్రూడ్రైవర్ పట్టేముందు అంకెలు పట్టండి.

ముందు ఏ రీడింగ్ దేనిదో తెలుసుకోవాలి. ప్యాకేజ్ ఐడీ 0 అనేది కోర్‌టెంప్ మాడ్యూల్ ఇచ్చేది, సీపీయూ చిప్ లోపలి సెన్సర్. నమ్మదగ్గది అదే. ఏసీపీఐటీజెడ్ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ చెప్పే అంకె. 36 డిగ్రీల గదిలో ఆన్‌లో ఉన్న మెషీన్ 27.8 ఉండటం అసాధ్యం కదా. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఒకే అంకె దగ్గర బిగుసుకుపోయి ఉంటుంది, వదిలేయండి. ఎన్‌వీఎంఈ (ఎస్‌ఎస్‌డీ) 52 ఈ ఎండలకి మామూలే.

రెండోది, 68 అన్న అంకెకి ఒంటరిగా అర్థం లేదు. గది ఉష్ణోగ్రత తీసేసి చూడండి. మీది 68 – 36 = 32 డిగ్రీల తేడా. డిసెంబరులో 24 డిగ్రీల గదిలో ఇదే మెషీన్ 56 చూపించేది, అప్పుడు మీరు ఈ పోస్టు పెట్టేవారు కాదు. అయినా ఖాళీగా ఉన్నప్పుడు 32 తేడా ఎక్కువే. అంత వేడి రావాలంటే ఎక్కడో వాట్లు ఖర్చవుతూ ఉండాలి. అవి రెండు చోట్ల కొలవాలి.

సీపీయూ వాట్లు: లినక్స్-టూల్స్-జెనరిక్ ప్యాకేజీ వేసుకుని «సుడో టర్బోస్టాట్ --క్వైట్ --ఇంటర్వెల్ 5» నడపండి. మొదటి వరుసే మొత్తం ప్యాకేజీది. అందులో బిజీ శాతం, ప్యాకేజ్ టెంపరేచర్, ప్యాకేజ్ వాట్ అనే మూడు కాలమ్‌లు చాలు.

మెషీన్ మొత్తం వాట్లు: చార్జర్ పీకేసి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత «క్యాట్ /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0/పవర్_నౌ». వచ్చిన అంకెని పది లక్షలతో భాగిస్తే వాట్లు. కొన్ని మోడళ్లలో ఆ ఫైలు ఉండదు, కరెంట్_నౌ, వోల్టేజ్_నౌ ఉంటాయి. ఆ రెంటినీ గుణించి లక్ష కోట్లతో భాగించండి. ఫోల్డరు బ్యాట్0 బదులు బ్యాట్1 అని కూడా ఉండొచ్చు. చార్జర్ పెట్టి ఉండగా చూస్తే మాత్రం అది బ్యాటరీలోకి ఎక్కే వాట్లు చూపిస్తుంది, మెషీన్ తినేది కాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

#4 వాట్‌లెక్క

తాతగారి మాటకి ఒకటి కలుపుతా. పేస్ట్ పాడైందో లేదో ఐడిల్‌లో తెలీదు, లోడ్‌లోనే తెలుస్తుంది. ఒక టెర్మినల్‌లో టర్బోస్టాట్ నడుస్తుండగా ఇంకోదాంట్లో «స్ట్రెస్-ఎన్‌జీ --సీపీయూ 0 --టైమౌట్ 300» కొట్టండి. సున్నా అంటే అన్ని థ్రెడ్లూ అని. చార్జర్ పెట్టే చేయాలి, బ్యాటరీ మీద చేస్తే లిమిట్ వేరుగా ఉంటుంది.

రెండు మూడు సెకన్లలోనే 98-100 తగిలి వాట్లు 20-25కి పడిపోతే హీట్‌సింక్ సరిగ్గా ఆనట్లేదు, అప్పుడు పేస్ట్ మాట మాట్లాడుకోవచ్చు. 45 వాట్ల దగ్గర నిలబడి నిదానంగా 90 దాటితే కూలింగ్ బాగానే ఉన్నట్టు.

స్ట్రెస్ ఆపాక ఇది కూడా చూడండి: «క్యాట్ /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూ0/థర్మల్_థ్రాటిల్/ప్యాకేజ్_థ్రాటిల్_కౌంట్». బూట్ అయినప్పటి నుంచి వేడి వల్ల ఎన్నిసార్లు పగ్గాలు పడ్డాయో అందులో ఉంటుంది. ముందొకసారి, తర్వాతొకసారి చూసి తేడా తీసుకోండి.

#5 గోదారి_పెంగ్విన్

టాప్ కమాండ్‌లో కేవర్కర్ (కెర్నెల్ తన పనికి వాడే ప్రాసెస్) ఏదైనా ఒక కోర్‌ని పూర్తిగా తినేస్తోందా? కేఏసీపీఐడీ అని పేరు కనిపిస్తే అది ఏసీపీఐ ఇంటరప్ట్ తుఫాను, అంటే ఫర్మ్‌వేర్ సీపీయూని ఆపకుండా పిలుస్తూనే ఉండటం. «గ్రెప్ . /సిస్/ఫర్మ్‌వేర్/ఏసీపీఐ/ఇంటరప్ట్స్/జీపీఈ*» కొడితే ఒక జీపీఈ (ఆ పిలుపులు వచ్చే లైను) దగ్గర లక్షల్లో అంకె కనబడుతుంది. ఆ ఫైల్లో డిసేబుల్ అని రాస్తే వెంటనే చల్లబడుతుంది. శాశ్వతంగా కావాలంటే గ్రబ్‌ (బూట్ లోడర్) సెట్టింగుల్లో ఏసీపీఐ_మాస్క్_జీపీఈ పారామీటర్‌కి ఆ నంబరు ఇవ్వాలి.

#6 బెజవాడ_బాష్

కొలిచాను.

ఐడిల్‌లో: బిజీ 1.8 శాతం, ప్యాకేజ్ 66 డిగ్రీలు, 4.2 వాట్లు.
బ్యాటరీ మీద మొత్తం: 19.2 వాట్లు, వెలుతురు సగం.
స్ట్రెస్ ఐదు నిమిషాలు: 45 వాట్లు నిలకడగా, 93 డిగ్రీలు. థ్రాటిల్ కౌంట్ పెరగలేదు.
కేవర్కర్ గొడవ లేదు.

#7 టెర్మినల్_తాత

చూశారా. 45 వాట్లకి గది కన్నా 57 డిగ్రీలే పైకెళ్లింది. అంటే పేస్టూ బాగుంది, ఫ్యానూ బాగుంది. అదే హీట్‌సింక్ 4 వాట్లకి 30 డిగ్రీలు ఎక్కడం ఎలా కుదురుతుంది? ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందని కొంత ఒప్పుకున్నా లెక్క సరిపోదు. సీపీయూ కాదండీ, దాని పక్కవాడెవడో మంట పెడుతున్నాడు. ఈ ల్యాప్‌టాప్‌లలో సీపీయూకీ గ్రాఫిక్స్ చిప్‌కీ హీట్‌పైప్ ఉమ్మడి.

#8 వాట్‌లెక్క

లెక్క కట్టేద్దాం. మొత్తం 19.2లో సీపీయూ 4.2 పోతే 15. సగం వెలుతురు స్క్రీన్‌కి 3-4 అనుకోండి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, వైఫై, మదర్‌బోర్డు కలిపి ఇంకో 3. ఎటు చూసినా 8 వాట్లకి లెక్క దొరకట్లేదు. ఎన్విడియా చిప్ పని లేకపోయినా మెలకువగా ఉంటే సరిగ్గా అంతే తాగుతుంది.

నిద్రపోతోందా లేదా చూడటానికి ఎన్విడియా-ఎస్‌ఎంఐ వాడొద్దు. ఆ కమాండే దాన్ని లేపుతుంది. తలుపు కొట్టి «పడుకున్నారా» అని అడిగినట్టు ఉంటుంది. ఇది చూడండి:

«క్యాట్ /సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:01:00.0/పవర్/రన్‌టైమ్_స్టేటస్»

సస్పెండెడ్ అని రావాలి. యాక్టివ్ అని వస్తే పక్కనే ఉన్న కంట్రోల్ ఫైలు చూడండి. అందులో ఆటో ఉండాలి, ఆన్ అని ఉంటే ఎప్పటికీ నిద్రపోదు. 01:00.0 అనేది మీ మెషీన్‌లో వేరే ఉండొచ్చు, ఎల్‌ఎస్‌పీసీఐలో చూసుకోండి. 01:00.1 అని ఆడియో భాగం కూడా ఉంటుంది, అది మేలుకుని ఉన్నా చిప్ మొత్తం మేలుకునే ఉంటుంది.

ఇంకోటి, «క్యాట్ /ప్రాక్/డ్రైవర్/ఎన్విడియా/జీపీయూస్/0000:01:00.0/పవర్». రన్‌టైమ్ డీ3 (వాడనప్పుడు చిప్ నిద్రపోయే సదుపాయం) స్టేటస్ ఎనేబుల్డ్ అని ఉందా?

#9 బెజవాడ_బాష్

రన్‌టైమ్ డీ3 ఎనేబుల్డ్, ఫైన్-గ్రెయిన్డ్. కంట్రోల్ రెండిటికీ ఆటో. కానీ స్టేటస్ ఎప్పుడు చూసినా యాక్టివ్. హెచ్‌డీఎంఐ కేబుల్ ఏమీ లేదు. «సుడో ఫ్యూజర్ -వీ /డెవ్/ఎన్విడియా0» కొడితే (చిప్‌ని ఎవరు వాడుతున్నారో చూపేది) ఏమీ రాలేదు.

#10 కోర్‌కాపలా

హెచ్‌డీఎంఐ మాట మీరే ఎత్తడం మంచిదైంది. చాలా గేమింగ్ మోడళ్లలో ఆ పోర్టు నేరుగా ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది, బయటి మానిటర్ పెట్టినంతసేపూ నిద్ర ఉండదు. మీకది కాదు.

ఫ్యూజర్‌లో ఎవరూ లేరు, అయినా మెలకువే. అంటే ఎవరో క్షణంపాటు వచ్చి లేపి వెళ్లిపోతున్నారు. అలాంటివాళ్లు ఫ్యూజర్‌కి దొరకరు. బీపీఎఫ్‌సీసీ-టూల్స్ ప్యాకేజీ వేసి «సుడో ఎగ్జెక్‌స్నూప్-బీపీఎఫ్‌సీసీ» అని ఒక నిమిషం వదిలేయండి. ఆ నిమిషంలో పుట్టిన ప్రతి ప్రాసెస్సూ, దాని పేరెంట్ నంబరూ వరసగా పడతాయి.

పై ప్యానెల్‌లో టెంపరేచర్ చూపించే ఎక్స్‌టెన్షన్ ఏదైనా పెట్టుకున్నారా?

#11 బెజవాడ_బాష్

పెట్టాను. వేడి ఎంతుందో చూద్దామనే పెట్టాను. ఎగ్జెక్‌స్నూప్‌లో రెండు సెకన్లకోసారి ఎన్విడియా-ఎస్‌ఎంఐ వరస. పేరెంట్ గ్నోమ్-షెల్.

#12 కోర్‌కాపలా

దొరికాడు. ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్‌లో జీపీయూ అన్న టిక్కు తీసేయండి. సీపీయూ, ఎన్‌వీఎంఈ, ఫ్యాన్ రీడింగులు హెచ్‌డబ్ల్యూమాన్ (కెర్నెల్ ఇచ్చే సెన్సర్) ఫైళ్ల నుంచి వస్తాయి, అవి చదివితే ఎవరూ లేవరు. రిఫ్రెష్ కూడా 2 నుంచి 5 సెకన్లకి పెంచండి. టిక్కు తీశాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవండి, వేల్యాండ్‌లో షెల్‌ని అక్కడికక్కడ రీస్టార్ట్ చేయడం కుదరదు.

ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. బీటాప్ అనే మానిటర్ ప్రోగ్రామ్, కొన్ని టాస్క్‌బార్ విడ్జెట్లు కూడా జీపీయూని అడుగుతూనే ఉంటాయి.

ట్యూరింగ్ తరం వాళ్లకి (జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరస) ఒక మెట్టు అదనం. యాంపియర్ (ఆర్‌టీఎక్స్ 30 వరస) నుంచి డ్రైవర్ తనంతట తనే నిద్ర అనుమతిస్తుంది. ట్యూరింగ్‌కి మాత్రం మోడ్‌ప్రోబ్ ఫైల్లో డైనమిక్ పవర్ మేనేజ్‌మెంట్ ఆప్షన్‌కి 0ఎక్స్02 అని రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే ఫైలు) తిరిగి కట్టి, రీబూట్ చేయాలి. అంతకన్నా పాత పాస్కల్ (జీటీఎక్స్ 10 వరస) కార్డులకి ఈ సదుపాయమే లేదు. వాటిని ప్రైమ్-సెలెక్ట్‌తో ఇంటెల్ మీదకి మార్చి పూర్తిగా ఆపేయడమే.

#13 బెజవాడ_బాష్

సస్పెండెడ్!! బ్యాటరీ మీద 10.4 వాట్లు. ప్యాకేజ్ 53 డిగ్రీలు, ఫ్యాన్ పూర్తిగా ఆగింది. గది ఇంకా 36 దగ్గరే ఉంది.

#14 ఓరుగల్లు_రూట్

థర్మామీటర్ పెట్టినందుకే జ్వరం వచ్చిందన్నట్టు. పేస్ట్ మాట వాపస్ తీసుకుంటున్న.

#15 టెర్మినల్_తాత

ఇప్పుడు ఆ రెండు పవర్ టూల్స్ సంగతి. «సుడో టీఎల్‌పీ-స్టాట్ -ఎస్» కొట్టండి. చివర్లో పవర్-ప్రొఫైల్స్-డీమన్ అడ్డొస్తోందని హెచ్చరిక ఉంటే, మీ మెషీన్‌లో ఇద్దరు కాదు ముగ్గురు డ్రైవర్లు ఒకే స్టీరింగ్ పట్టుకుని ఉన్నట్టు. ఉబుంటుతో పవర్-ప్రొఫైల్స్-డీమన్ ముందే వస్తుంది, మీరు టీఎల్‌పీ కలిపారు, పైన ఆటో-సీపీయూఫ్రీక్. ఒకటి రాసింది ఇంకొకటి చెరిపేస్తూ ఉంటుంది. ఏది గెలుస్తుందో ఏది చివర లేచిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఒక్కటే ఉంచండి. చాలామందికి పవర్-ప్రొఫైల్స్-డీమన్ చాలు, గ్నోమ్ మెనూలో మూడు మోడ్‌లు ఇచ్చేది అదే. టీఎల్‌పీ కావాలంటే «సుడో సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ పవర్-ప్రొఫైల్స్-డీమన్» కొట్టాలి. ఆ మెనూ మాయమవుతుంది, కంగారుపడొద్దు. ఆటో-సీపీయూఫ్రీక్‌ని «సుడో ఆటో-సీపీయూఫ్రీక్ --రిమూవ్» తో తీశాకే ప్యాకేజీ తీసేయండి. ఫెడోరా వాళ్లకి 41 నుంచి ఆ స్థానంలో ట్యూన్డ్ ఉంది, పేరు వేరు, నియమం అదే. థెర్మల్‌డీ (సీపీయూ వేడిని అదుపు చేసే సర్వీసు) మాత్రం వీటితో గొడవపడదు, ఇంటెల్ అయితే ఉంచుకోండి.

గవర్నర్ (సీపీయూ వేగాన్ని నిర్ణయించే పద్ధతి) పవర్‌సేవ్ అని కనబడితే స్పీడు పోతుందని దాన్ని పర్ఫార్మెన్స్‌కి మార్చేవాళ్లు ఉన్నారు. ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్ యాక్టివ్ మోడ్‌లో పవర్‌సేవ్ అంటే అవసరాన్ని బట్టి ఎక్కిదిగేదే. అసలు మీట ఎనర్జీ_పర్ఫార్మెన్స్_ప్రిఫరెన్స్ ఫైల్లో ఉంది. బ్యాటరీ మీద బ్యాలెన్స్_పవర్, చార్జర్ మీద బ్యాలెన్స్_పర్ఫార్మెన్స్. టీఎల్‌పీ కాన్ఫ్‌లో ఈ రెంటికీ లైన్లు ఉన్నాయి, ముందున్న హ్యాష్ గుర్తు తీసి విలువ మార్చి «సుడో టీఎల్‌పీ స్టార్ట్» అనడమే.

#16 రెంటచింతల_రూటర్

మా వైపు మధ్యాహ్నం గది 40. కంపైల్ పెడితే 97 దాటి ఫ్యాన్ విమానంలా అరుస్తుంది. ఐ5-11400హెచ్ నాదీ. టర్బో (అవసరమైనప్పుడు సీపీయూ వేగం పెంచుకోవడం) ఆపేస్తే ఎంత నష్టం?

#17 వాట్‌లెక్క

టర్బో పూర్తిగా ఆపితే 4.5 గిగాహెర్ట్జ్ కాస్తా 2.7 అవుతుంది. ఒక్క థ్రెడ్ మీద నడిచే బ్రౌజర్ పని కూడా మొద్దుబారుతుంది. దానికన్నా దీర్ఘకాల వాట్ లిమిట్ తగ్గించడం మేలు. చిన్న పనులకి టర్బో అందుతుంది, పెద్ద కంపైల్‌కి మాత్రం కళ్లెం పడుతుంది.

«ఎకో 28000000 | సుడో టీ /సిస్/క్లాస్/పవర్‌క్యాప్/ఇంటెల్-రాప్ల్:0/కాన్‌స్ట్రెయింట్_0_పవర్_లిమిట్_యూడబ్ల్యూ»

అంకె మైక్రోవాట్లలో ఉంటుంది, 28 తర్వాత ఆరు సున్నాలు. సుడో ఎకో అని రాసి బాణం గుర్తు పెడితే పర్మిషన్ డినైడ్ వస్తుంది, ఎందుకంటే బాణాన్ని నడిపేది మీ షెల్, సుడో కాదు. అందుకే టీ. కాన్‌స్ట్రెయింట్_1 స్వల్పకాల లిమిట్, దాన్ని ముట్టుకోకండి. పవర్‌క్యాప్ ఫోల్డర్లో ఇంటెల్-రాప్ల్-ఎంఎంఐఓ:0 అని ఇంకోటి కూడా ఉంటే రెండిట్లో తక్కువదే అమలవుతుంది. రీబూట్‌తో పోతుంది కాబట్టి వర్షాలు పడేదాకా సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టుకోండి. సస్పెండ్ నుంచి లేచాక విలువ అలాగే ఉందో ఒకసారి చూడండి, కొన్ని ఫర్మ్‌వేర్లు పాతది తిరిగి రాసేస్తాయి.

అండర్‌వోల్టింగ్ (సీపీయూకి ఇచ్చే వోల్టేజ్ తగ్గించడం) గురించి ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా: 2019 డిసెంబరులో బయటపడ్డ ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం తర్వాత చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ దారి బయాస్‌లోనే మూసేశారు. పాత వీడియోలు చూసి టైం వృథా చేసుకోకండి.

#18 కావలి_కెర్నెల్

నాది రైజెన్ 5 5625యూ. కోర్‌టెంప్ లేదు. థెర్మల్‌డీ పెడితే ఆగిపోతోంది. బ్రౌజర్ తెరవగానే 48 నుంచి 75కి ఎగిరి దిగుతోంది, ప్రమాదమా?

#19 కోర్‌కాపలా

థెర్మల్‌డీ ఇంటెల్‌కి మాత్రమే, తీసేయండి. మీకు కే10టెంప్ కింద టీసీటీఎల్ అనేదే సీపీయూ రీడింగ్. ఏఎండీజీపీయూ కింద పీపీటీ అని వాట్లు కూడా సెన్సర్స్‌లోనే వస్తాయి, టర్బోస్టాట్ అక్కర్లేదు. సెకను పాటు ఎగిరి దిగడం బూస్ట్ లక్షణం, చిన్న సిలికాన్ ముక్క మీద ఒక్కసారిగా వాట్లు పడితే అంతే. ఐడిల్‌కి వచ్చాక అరనిమిషంలో దిగుతుంటే వదిలేయండి. స్కేలింగ్_డ్రైవర్ ఫైల్లో ఏఎండీ-పీస్టేట్-ఈపీపీ అని ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఏసీపీఐ-సీపీయూఫ్రీక్ అని ఉంటే బయాస్‌లో సీపీపీసీ (సీపీయూ వేగాన్ని లినక్స్ అదుపు చేయడానికి కావాల్సిన సెట్టింగు) ఆఫ్ అయి ఉండొచ్చు.

#20 గోదారి_పెంగ్విన్

టాపిక్‌కి దగ్గరదే కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. స్నేహితుడి మెషీన్ 48 డిగ్రీలే, కానీ అన్ని కోర్లూ 400 మెగాహెర్ట్జ్ దాటవు. ఏ ప్రొఫైల్ పెట్టినా అంతే.

#21 టెర్మినల్_తాత

చార్జర్ పీకి చూడమనండి. పీకగానే పరుగెడితే దోషం చార్జర్‌ది. కొన్ని మోడళ్ల పిన్ను మధ్యలో సన్నని సూది ఉంటుంది, చార్జర్ ఎన్ని వాట్లదో మదర్‌బోర్డుకి చెప్పేది అదే. అది వంగినా, చార్జర్ వేరే కంపెనీదైనా, ఎన్ని వాట్లో తెలియక బోర్డు సీపీయూకి బీడీ ప్రోక్‌హాట్ అనే సిగ్నల్ పంపి కట్టిపడేస్తుంది. వేడి లేకపోయినా వేడెక్కినట్టు నటించడం అన్నమాట. ఆ సిగ్నల్‌ని రైట్‌ఎంఎస్ఆర్‌తో నోరు మూయించే చిట్కా నెట్లో ఉంది. వద్దు, నిజంగా వేడెక్కినప్పుడు కూడా కొన్ని భాగాలు దాని ద్వారానే అరుస్తాయి. సరైన చార్జర్ కొనమనండి.

చార్జర్ పీకినా 400 దగ్గరే ఉంటే, ఆఫ్ చేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయాలి. ఎంబెడెడ్ కంట్రోలర్ (చార్జింగ్, ఫ్యాన్ చూసుకునే చిన్న చిప్) రీసెట్ అవుతుంది.

#22 గోదారి_పెంగ్విన్

పీకగానే 3.9 గిగాహెర్ట్జ్. సూది వంగే ఉంది.

#23 బెజవాడ_బాష్

ఇంకో రెండు. మూత మూసి బ్యాగులో పెడితే గంట తర్వాత వెచ్చగా ఉంటోంది. ఎప్పుడూ చార్జర్ మీదే వాడతాను, 80 దగ్గర ఆపడం కుదురుతుందా?

#24 కోర్‌కాపలా

«క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్». బ్రాకెట్లో ఉన్నదే వాడుకలో ఉన్నది. ఎస్2ఐడిల్ (తేలిక నిద్ర), డీప్ (గాఢ నిద్ర) రెండూ కనబడితే గ్రబ్‌లో మెమ్_స్లీప్_డీఫాల్ట్=డీప్ అని పెట్టి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి, రీబూట్ చేసి చూడండి. ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంటే బయాస్‌లో స్లీప్ స్టేట్ అని ఏదైనా ఉందేమో వెతకండి. లేకపోతే దాంతోనే కాపురం.

అప్పుడు చూడాల్సింది /సిస్/పవర్/సస్పెండ్_స్టాట్స్/లాస్ట్_హెచ్‌డబ్ల్యూ_స్లీప్. నిద్ర లేచాక అందులో సున్నా ఉంటే మెషీన్ కళ్లు మూసుకుంది గానీ నిద్రపోలేదు. యూఎస్‌బీ మౌస్ రిసీవర్ పీకి మళ్లీ ప్రయత్నించండి. అది తేలేదాకా బ్యాగులో పెట్టేటప్పుడు షట్‌డౌన్ చేయండి, ఈ ఎండల్లో బట్ట బ్యాగులో పెట్టడం అంటే దుప్పటి కప్పడమే.

80 సంగతి: «సుడో టీఎల్‌పీ-స్టాట్ -బీ» చివర్లో మీ మోడల్‌కి ఏ థ్రెషోల్డ్‌లు (చార్జింగ్ మొదలయ్యే స్టార్ట్, ఆగే స్టాప్ హద్దులు) పనిచేస్తాయో రాసి ఉంటుంది. అది కాపీ చేసి ఇక్కడ పెట్టండి.

#25 బెజవాడ_బాష్

స్టాప్ ఒక్కటే ఉంది, స్టార్ట్ లేదు. లాస్ట్_హెచ్‌డబ్ల్యూ_స్లీప్ సున్నా. రిసీవర్ పీకితే పెద్ద అంకె వచ్చింది.

#26 కోర్‌కాపలా

అయితే ఆ రిసీవర్‌కి లేపే హక్కు తీసేయండి. /సిస్/బస్/యూఎస్‌బీ/డివైసెస్ కింద దాని ఫోల్డర్లో పవర్/వేకప్ ఫైలుకి డిసేబుల్డ్ అని రాయండి. పనిచేస్తే వెండర్, ప్రోడక్ట్ ఐడీలతో యూడెవ్ రూల్‌గా (డివైస్ తగిలించినప్పుడల్లా అమలయ్యే నియమం) మార్చుకోండి, ఎందుకంటే పోర్టు మారితే ఫోల్డరు పేరు మారుతుంది. అప్పటికీ సున్నాయే వస్తే రిసీవర్ పీకి మూత మూయండి.

టీఎల్‌పీ కాన్ఫ్‌లో స్టార్ట్ లైనుకి 0, స్టాప్ లైనుకి 80. ఇప్పటికే 80 పైన ఉంటే అంకె తనంతట తగ్గదు, చార్జింగ్ ఆగుతుందంతే. ప్రయాణానికి ముందు రాత్రి «సుడో టీఎల్‌పీ ఫుల్‌చార్జ్» కొడితే ఆ ఒక్కసారికి నూరు నిండుతుంది.